జబ్బు పేరు చెప్పే డాక్టరు

పుట్టిన రోజు బిడ్డకు అంతా బాగానే ఉంటుంది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది, ఒళ్లు ఎర్రగా ఉందని నర్సమ్మ చెబుతుంది. రెండోరోజు, మూడోరోజు పాలు తాగుతుంది. నాలుగోరోజు నుంచి రొమ్ము పట్టదు. లేపినా కళ్లు తెరవదు. వాంతులు, ఎగశ్వాస, ఆపైన ఫిట్స్. ఇలాంటి బిడ్డను చూడగానే చిన్నపిల్లల డాక్టరుకు ముందు తట్టేది ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు, ఎక్కువమంది పిల్లల్లో కారణం అదే. కొద్దిమందిలో మాత్రం మందులు ఎన్ని మార్చినా బిడ్డ కోలుకోదు. కల్చర్ రిపోర్టులో ఏ క్రిమీ కనిపించదు. అదే తల్లికి రెండేళ్ల కిందట ఒక బిడ్డ ఇలాగే వారం తిరక్కుండానే పోయిందన్న సంగతి ఎవరూ అడగరు, ఇంట్లోవాళ్లూ చెప్పరు.

ఇలాంటి జబ్బుల్లో ఒక పెద్ద గుంపును పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు అంటారు. తిన్నది ఒంటికి పట్టాలంటే వందల రకాల ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయాలి. జన్యువులో లోపం వల్ల వాటిలో ఒక్కటి సరిగ్గా తయారుకాకపోయినా వరస తెగుతుంది. చెరువు తూము పూడుకుపోతే పైన నీళ్లు నిండి కట్టకు ముప్పు, కింద పొలం ఎండుతుంది. ఒంట్లోనూ అంతే. విరగాల్సిన పదార్థం పేరుకుపోయి విషమవుతుంది, తయారు కావాల్సింది అందదు. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా తల్లి ఒళ్లే ఆ విషాన్ని శుభ్రం చేస్తూ వచ్చింది. బొడ్డు కోశాక ఆ పని బిడ్డ మీద పడుతుంది. లోపం బయటపడడానికి మూడు నాలుగు రోజులు పట్టేది అందుకే.

2021లో అంతర్జాతీయంగా సిద్ధమైన వర్గీకరణలో ఇలాంటి లోపాలు 1,450 దాకా ఉన్నాయి. ఒక్కో జబ్బూ వేలలో ఒకరికో, లక్షల్లో ఒకరికో వస్తుంది. ఏ డాక్టరైనా తన సర్వీసు మొత్తంలో కొన్నింటిని ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. తల్లిదండ్రుల కష్టం ఇక్కడే మొదలవుతుంది. గుండెకు కార్డియాలజిస్టు, కిడ్నీకి నెఫ్రాలజిస్టు అని అందరికీ తెలుసు. మరి దీనికి ఎవరు?

హైదరాబాద్‌లో శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, పహాడీషరీఫ్ పక్కన ఉన్న జల్‌పల్లినే తీసుకుందాం. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ఉంది, అందులో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. జనానికి ఇది డీఎన్ఏ వేలిముద్రల సంస్థగానే తెలుసు కానీ వంశపారంపర్య జబ్బుల నిర్ధారణ కూడా దాని పనే, పేరు చివరి ‘డీ’ అంటే డయాగ్నస్టిక్సే. హబ్సిగూడలో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యు వ్యాధుల ఆస్పత్రి, రెడ్‌హిల్స్‌లో పిల్లలకు నీలోఫర్. దేశంలో ఇన్ని సంస్థలు ఒకచోట ఉన్న నగరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా బస్తీ క్లినిక్‌లో మొదలైన కుటుంబం నిమ్స్ ఓపీ చీటీ దాకా చేరడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. దారిలో ఎవరో ఒకరికి ‘ఇది అది కావచ్చు’ అన్న అనుమానం రావాలి. ఆ అనుమానం వచ్చిన డాక్టరే సగం పని చేసినట్టు.

ఆ అనుమానం ఎందుకు రావాలో చెప్పే లెక్క హైదరాబాద్‌లోనే పుట్టింది. సీడీఎఫ్‌డీలో పనిచేసిన డాక్టర్ రాధారమాదేవి, నౌషాద్ నగరంలోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులకు రక్తపరీక్షలు చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి ఉంది. అడ్రినల్ గ్రంథి లోపం 2,575 మందిలో ఒకరికి. జీవక్రియ లోపాలన్నీ కలిపితే వెయ్యిమందిలో ఒకరికి. రోజుకు ముప్పై కాన్పులయ్యే ఆస్పత్రి అయితే, దాదాపు నెలకొక బిడ్డ అన్నమాట. అరుదైనవన్న పేరే గానీ, కలిపి చూస్తే ఇవి అంత అరుదు కాదు.

వీటిలో కొన్నింటికి వైద్యం కారుచౌక. థైరాయిడ్ లోపానికి రోజుకో మాత్ర. బయోటినిడేజ్ లోపానికి రోజూ బయోటిన్ అనే విటమిన్. సకాలంలో మొదలుపెడితే బిడ్డ అందరిలాగే బడికి వెళ్తుంది, ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం మళ్లీ పూడదు. వీటిని ముందే పట్టుకోవడానికి, పుట్టిన 24 గంటలు దాటాక, వీలైతే 72 గంటల లోపు, మడమ దగ్గర సూదితో గుచ్చి నాలుగైదు రక్తపు చుక్కలు ఫిల్టర్ కాగితం మీద ఆరబెడితే చాలు. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రం ఆ చుక్కల నుంచి ఒకేసారి పదుల జబ్బుల ఆనవాళ్లు పడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాన్పయిన తెలుగు తల్లికి ఈ పరీక్ష అడగకుండానే జరిగిపోతుంది. ఖతార్‌లో పనిచేసే హైదరాబాదీ కుటుంబానికి అక్కడ బిడ్డ పుట్టినా అంతే. 2003 చివర్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆస్పత్రి సహకారంతో ఆ దేశం దీన్ని అందరు శిశువులకూ మొదలుపెట్టింది. ఇక్కడ చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో డబ్బు కట్టి చేయించుకోవచ్చు. కానీ అడిగిన వాళ్లకే. అడగాలని తెలిసినవాళ్లు ఎందరు?

డాక్టరు దగ్గరికి వెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలామందికి గుచ్చుకుంటుంది: ‘మీది మేనరికమా?’

తప్పు పడుతున్నారనుకుని కొందరు అబద్ధం చెబుతారు కూడా. ఈ ప్రశ్నకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1902లో అల్కాప్టోన్యూరియా అనే జబ్బు గురించి రాశాడు. ఆ జబ్బున్నవారి మూత్రం గాలి తగిలి కాసేపుంటే నల్లబడుతుంది. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గరి చుట్టాలేనని ఆయన గమనించాడు. జీవక్రియ లోపాలు వంశంలో వస్తాయన్న శాస్త్రం అక్కడ మొదలైంది. లోపమున్న జన్యువులు కొన్ని మనలో ప్రతి ఒక్కరికీ ఉంటాయి. జంటలో ఒకటి బాగున్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే లోపం భార్యాభర్తలిద్దరిలో ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. మేనత్త కొడుకుకూ మేనమామ కూతురికీ ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ మేనకోడలికీ అయితే నాలుగో వంతు. కాబట్టి ఆ ప్రశ్న నింద కాదు, ఏ పరీక్ష ముందు చేయాలో తేల్చుకునే దారి. లోపం తల్లి వైపు నుంచే వచ్చిందని కోడలిని ఆడిపోసుకునే అత్తవారికీ ఈ లెక్క చెప్పడం మంచిది. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగానికి ఇద్దరి వాటా సమానం. తల్లి నుంచి కొడుకులకు వచ్చేవి కొన్ని లేకపోలేదు గానీ, అందులోనూ ఆమె చేసిన తప్పేమీ ఉండదు.

మేనరికం లేకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమాజంలో చుట్టరికం తెలియకపోయినా జన్యువులు కలుస్తాయి. సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే వంశమంతా విస్తరించిన ఆనవాళ్లు ఫిన్లాండ్ వారిలో, యూరప్ యూదుల్లో కన్నా గట్టిగా కనిపించాయి. అందులో వారు చెప్పిన ఉదాహరణ మన వైశ్యులే. బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతా వారికంటే వారిలో దాదాపు వంద రెట్లు ఎక్కువ. రోజువారీ బతుకులో దాని జాడే ఉండదు. ఆపరేషన్ బల్ల మీద, కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడే తెలుస్తుంది. కొన్ని నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి నిలిచి, రోగి తనంతట ఊపిరి తీసుకోలేడు. సంగతి ముందే తెలిసిన మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. ఇక్కడ స్పెషలిస్టు అక్కర్లేదు, ‘మా చిన్నాన్నకు ఆపరేషన్‌లో ఇలా అయింది’ అని ఒక్క మాట చెప్పేవాళ్లుంటే చాలు.

ఇంట్లోవాళ్ల మాటకు ఎంత విలువుందో నార్వే తల్లి బోర్గ్నీ ఎగెలాండ్ కథ చెబుతుంది. ఆమె పిల్లలిద్దరికీ బుద్ధి ఎదగలేదు. ఒంటి నుంచీ మూత్రం నుంచీ ఒక వింత వాసన వచ్చేది. ఆ వాసనకూ జబ్బుకూ సంబంధం ఉందని ఆమె పట్టు. ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరకు 1934లో రసాయనశాస్త్రం కూడా చదివిన డాక్టర్ అస్‌బ్యోర్న్ ఫాలింగ్ ఆమె మాట విని, పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేశాడు. అది ముదురు ఆకుపచ్చగా మారింది. అలాంటి రంగు ఆయన అంతకుముందు చూడలేదు. ఎందుకలా మారిందో తేల్చడానికి ఆ తల్లి చేత లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకున్నాడు. బుద్ధిమాంద్యం ఉన్నవారి సంస్థల్లో వందలాది మందిని పరీక్షిస్తే మరో ఎనిమిది మంది దొరికారు. ఇప్పుడు ఫినైల్‌కీటోన్యూరియా, పొట్టిగా పీకేయూ, అంటున్న జబ్బు అదే. ఆమె పిల్లలకు అప్పటికే ఆలస్యమైంది. తర్వాతి తరాల పిల్లలు మాత్రం ప్రొటీన్ తగ్గించిన ప్రత్యేక ఆహారంతో మామూలుగా పెరుగుతున్నారు.

వాసన సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న హెచ్చరిక. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే జబ్బులో బిడ్డ మూత్రం కాలిన చక్కెర వాసన వేస్తుంది. ఆ వాసనకు కారణమైన పదార్థం మన మెంతుల్లోనూ ఉంది. తల్లి మెంతులు తిన్నందువల్ల బిడ్డకు ఆ వాసన వచ్చి, డాక్టర్లు జబ్బని కంగారుపడిన సందర్భాలు విదేశీ వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. బాలింత ఏం తింటోందో చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? బోర్డు మీద వెతకాల్సింది ‘మెడికల్ జెనెటిక్స్’. ఎండీ తర్వాత అందులో డీఎం చేసినవారు, లేదా పిల్లల వైద్యంలో జీవక్రియ జబ్బుల మీద ప్రత్యేకంగా పనిచేసినవారు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 మార్చిలో వచ్చినప్పుడు దేశంలో ఎనిమిది ఉత్తమ చికిత్సా కేంద్రాలను గుర్తించారు. తర్వాత మరికొన్ని చేరాయి. మన వైపు సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిపి ఒక కేంద్రం. జల్‌పల్లి వాళ్లకైనా ఆదిలాబాద్ వాళ్లకైనా ప్రభుత్వ సాయం కావాలంటే పేరు నమోదు చేసుకోవాల్సింది ఇలాంటి కేంద్రంలోనే. చిన్నపిల్లల డాక్టరు దగ్గర రెఫరల్ చీటీ తీసుకుని వెళ్తే పని తేలిక.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సింది బిడ్డను మాత్రమే కాదు. పాత రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వరసలో పెట్టిన ఒక ఫైలు. రెండు వైపులా మూడు తరాల వివరాలు: ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఏ పిల్లలు చిన్నప్పుడే పోయారు, ఎవరికి ఫిట్స్, ఎవరికి బుద్ధి ఎదగలేదు. ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అదీ. ఏం తిన్నాక, ఎంతసేపు పస్తున్నాక, ఏ జ్వరం తర్వాత బిడ్డ మగతగా అయిందో రాసుకున్న కాగితం ఒక్కోసారి స్కానింగ్ కన్నా ఎక్కువ చెబుతుంది. మాంసం, పప్పు తిన్న రోజు వాంతులయ్యే బిడ్డకు ఒక రకం లోపం ఉండొచ్చు, పొద్దున లేవడం ఆలస్యమైతే చక్కెర పడిపోయే బిడ్డకు మరొకటి.

పరీక్షల్లోనూ సమయమే ముఖ్యం. బిడ్డ మగతలో ఉన్నప్పుడు తీసిన రక్తం చెప్పే విషయం, సెలైన్ ఎక్కించి తేరుకున్నాక తీసిన రక్తం చెప్పకపోవచ్చు. రక్తంలో అమ్మోనియా చూడాలంటే నమూనాను మంచులో పెట్టి వెంటనే ల్యాబ్‌కు పంపాలి, ఆలస్యమైతే లేని అమ్మోనియా ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తం ఎక్కించాల్సి వస్తే నమూనా అంతకుముందే తీసి ఉంచాలి. లేకుంటే కొన్ని ఎంజైము పరీక్షల్లో తెలిసేది దాత సంగతి. ఆ తర్వాత మూత్రంలో ఆమ్లాల పరీక్ష, ఎంజైము పరీక్ష, చివరికి జన్యు పరీక్ష. జన్యు రిపోర్టు ప్రతిసారీ తెగేసి చెప్పదు. ‘ఈ మార్పు జబ్బుకు కారణమో కాదో తెలియదు’ అని కూడా వస్తుంది. దాన్ని చదివి వివరించడానికే జెనెటిక్స్ డాక్టరు కావాలి. ల్యాబ్ కాగితం పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే గుండె బరువెక్కడం తప్ప ఒరిగేది తక్కువ.

బిడ్డ దక్కదని తెలిసిన ఘడియలో పరీక్షల ఊసెత్తడం కఠినంగానే ఉంటుంది. అయినా ఆ సమయంలో ఫిల్టర్ కాగితం మీద నాలుగు చుక్కలు, డీఎన్ఏ కోసం కాస్త రక్తం దాచి ఉంచమని అడగడం చాలా అవసరం. ఏ జన్యువులో లోపమో తెలిస్తేనే తర్వాతి గర్భంలో మూడో నెల చివరికల్లా మాయ నుంచి నమూనా తీసి బిడ్డ సంగతి చెప్పగలరు. జబ్బు పేరు తెలియకుండా ‘అన్ని పరీక్షలూ చేయండి’ అంటే ఏ డాక్టరూ చేయగలిగింది లేదు.

ఈ జబ్బులన్నీ పసిగుడ్లవే అనుకోకూడదు. గాషే జబ్బులో ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ఎముకలు నొప్పి పుడతాయి. ముందు మలేరియా అనుకుంటారు, తర్వాత రక్తపు క్యాన్సర్ అనుకుంటారు. మ్యూకోపాలీశాకరిడోసిస్, పొట్టిగా ఎంపీఎస్, ఉన్న పిల్లవాడిని హెర్నియాకు ఒక సర్జన్, చెవులకు ఒక ఈఎన్‌టీ, వంగని వేళ్లకు ఒక ఎముకల డాక్టరు చూస్తారు. ముగ్గురూ బాగానే వైద్యం చేస్తారు. మూడింటినీ కలిపి చూసేవారు ఉండరు. విల్సన్ జబ్బులో కాలేయంలో, మెదడులో రాగి పేరుకుంటుంది. పదిహేనేళ్ల పిల్ల చేతులు వణుకుతున్నాయని, చదువు దెబ్బతిందని, కోపం పెరిగిందని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తే నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించొచ్చు. పోర్ఫిరియా ఉన్న పెద్దవాళ్లయితే కడుపునొప్పితో గ్యాస్ట్రో డాక్టర్ల చుట్టూ తిరిగి, అనవసరంగా ఆపరేషన్ కూడా చేయించుకుంటారు. కారణం దొరకని జబ్బు రెండు మూడు అవయవాలకు ఒకేసారి ఉంటే, లేదా అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్లలో మరొకరికీ ఉంటే, జెనెటిక్స్ ఓపీ వైపు ఒకసారి వెళ్లిరావడమే మేలు.

పేరు తెలిశాక డబ్బు సంగతి. 2014 ఏప్రిల్‌లో గాషే జబ్బున్న ఒక రిక్షావాలా కొడుకు కేసులో ఢిల్లీ హైకోర్టు, ఆ బాలుడికి ఉచితంగా వైద్యం అందించాలని తీర్పిచ్చింది. దేశంలో అరుదైన వ్యాధులకు ఒక విధానం కావాలన్న ఒత్తిడి దాంతో పెరిగింది. 2021 విధానం జబ్బులను మూడు గుంపులు చేసింది. ఎముక మజ్జ మార్పిడి, కాలేయ మార్పిడి లాంటి ఒకేసారి వైద్యంతో నయమయ్యేవి మొదటివి. ప్రత్యేక ఆహారం లాంటి, పోల్చి చూస్తే తక్కువ ఖర్చుతో జీవితాంతం సాగేవి రెండోవి. వైద్యం ఉన్నా ఖర్చు కోట్లలో ఉండేవి మూడోవి. 2022 మే నుంచి ఏ గుంపు జబ్బుకైనా రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం దొరుకుతోంది. డబ్బు కుటుంబం చేతికి రాదు, చికిత్సా కేంద్రానికి వెళ్తుంది. మూడో గుంపు పిల్లలకు ఆ మొత్తం ఎన్నాళ్లు సరిపోతుంది? మందు మోతాదు బరువును బట్టి పెరుగుతుంది. పది కిలోల బిడ్డకే కొన్ని జబ్బుల్లో ఏడాదికి 10 లక్షల నుంచి కోటి దాటి అవుతుందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. విధానంలోని పెద్ద చిల్లు ఇదేనని తల్లిదండ్రుల సంఘాలు మొదటి నుంచీ అంటున్నాయి, వారి మాటలో న్యాయం ఉంది.

ఈ మందుల్లో చాలా భాగం విదేశాల నుంచి విమానంలో రావాల్సిందే. ఎంజైము మందులను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలోనే ఉంచాలి. శంషాబాద్ కార్గోలో మందుల కోసమే ఉష్ణోగ్రత అదుపులో ఉండే విభాగం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి, జాతీయ విధానం జాబితాలోని జబ్బులకు సొంత వాడకం కోసం తెప్పించుకునే మందుల మీదా ప్రత్యేక ఆహారం మీదా కస్టమ్స్ సుంకం తీసేశారు. అంతకుముందు మామూలుగా 10 శాతం ఉండేది. ఇందుకు కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరు, లేదా జిల్లా వైద్యాధికారి, సివిల్ సర్జన్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. పార్సిల్ దిగాక పరిగెత్తడం కన్నా ముందే తెచ్చి ఉంచుకోవాలి.

ఇంకో మంచి మార్పు, అందులో హైదరాబాద్ చేయి ఉంది. టైరోసినీమియా మొదటి రకానికి వాడే నిటిసినోన్ దిగుమతి మందుకు ఏడాదికి 2.2 కోట్ల దాకా అయ్యేది. దేశంలో తయారయ్యాక 2.5 లక్షలకు దిగుతుందని 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. గాషేకు వాడే ఎలిగ్లుస్టాట్ కోట్ల నుంచి 3 నుంచి 6 లక్షలకు, విల్సన్‌కు వాడే ట్రైయెంటీన్ 2.2 కోట్ల నుంచి 2.2 లక్షలకు. వీటి తయారీకి ముందుకొచ్చిన కంపెనీల్లో హైదరాబాద్‌వీ ఉన్నాయి.

ఇంత తిరిగి స్పెషలిస్టును పట్టుకున్నాక కూడా, అర్ధరాత్రి జ్వరంతో బిడ్డ వాంతులు చేసుకుంటే పంజాగుట్ట దాకా వెళ్లే వ్యవధి ఉండదు. ముందు దగ్గరి నర్సింగ్‌హోమ్‌కే పరుగెత్తాలి. అక్కడి డ్యూటీ డాక్టరు ఆ జబ్బు పేరు వినకపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే జెనెటిక్స్ డాక్టరు లెటర్‌హెడ్ మీద ఒక అత్యవసర పత్రం రాయించుకోవాలి: జబ్బు పేరు, వెంటనే ఆపాల్సిన ఆహారం, పెట్టాల్సిన సెలైన్, చేయాల్సిన పరీక్షలు, ఇవ్వకూడని మందులు, ఫోన్ చేయాల్సిన నంబరు. ప్రొటీన్ విరగని జబ్బుల్లో చాలావాటికి ముందుగా 10 శాతం గ్లూకోజ్ పెట్టాలి. పైరువేట్ డీహైడ్రోజినేజ్ లోపంలో అదే గ్లూకోజ్ ఎక్కువైతే హాని చేస్తుంది. కాబట్టి పక్కింటి బిడ్డ పత్రం మన బిడ్డకు పనికిరాదు. బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా మోతాదులు మార్పించి కొత్తది రాయించుకోవాలి. ఒక కాపీ బడిలో, ఒకటి దగ్గరి నర్సింగ్‌హోమ్‌లో ఇవ్వాలి. ఆ నర్సింగ్‌హోమ్ డాక్టరుతో బిడ్డ బాగున్న రోజునే ఒకసారి కూర్చుని అందులో ఏముందో మాట్లాడుకోవాలి.